అటక మీద ఏముంది?



ఏదైనా పని మధ్యలో ఆగిపోతే మనం ఏమంటాం? "ఆ పని అటకెక్కింది" అంటాం. ఇక దాన్ని ఎవరూ పట్టించుకోరని అర్థం.

ఈ మాట ఊరికే పుట్టలేదు. అటక ఎక్కిన సామాను సంగతి కూడా ఇంతే. ఎక్కించేటప్పుడు "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందిలే" అనుకుంటాం. ఆ రోజు వచ్చేసరికి వస్తువు ఎక్కడుందో గుర్తుండదు. వెతికి వెతికి దించితే ఎలుకలు కొట్టేసి ఉంటాయి.

మన ఇళ్లు చిన్నవి. ఉన్న ఒక్క గదిలోనే పడుకోవాలి. అక్కడే పిల్లలు చదువుకోవాలి. చుట్టాలొస్తే అక్కడే కూర్చోబెట్టాలి. మూటలు, డబ్బాలు, విరిగిన మంచం కూడా అక్కడే. "కాలు పెట్టడానికి జాగా లేదు" అని రోజూ అనుకుంటాం. తల పైకెత్తి మాత్రం చూడం. చాలా ఇళ్లలో జాగా పైన ఉంది.

ఆ జాగాను ఎలా వాడుకోవాలి? ఏవి పైన పెట్టాలి? ఏవి పెట్టకూడదు? తెలుసుకుందాం.

కింద బండి, పైన ఖాళీ

తిరుపతి, చిత్తూరు పక్క పల్లెల్లో పాత పెంకుటిళ్లు చూడండి. పెంకుల కింద వాసాలు. వాసాల కింద దూలాలు. దూలాల మీద పలకలు పరిచి అటక కట్టేవాళ్లు. మిద్దె ఇళ్లలో అటక వేరే రకం. గోడలో నుంచి ముందుకు వచ్చిన సిమెంటు పలక అది.

ఇంటి పక్కన పశువుల కొట్టం ఉంటుంది. ఒకప్పుడు అందులో ఎద్దులు ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఎద్దులు లేవు. ట్రాక్టరుతో దున్నిస్తున్నారు. ఎద్దులు కట్టేసిన చోట మోటారు సైకిలో, ఆటోనో నిలబడి ఉంది. కింద బండి. పైన రేకుల దాకా ఖాళీ.

చలి దేశాల్లో కూడా ఇలాంటి ఖాళీ ఉంటుంది. అక్కడ మంచు కురుస్తుంది. ఆ మంచు జారిపోవాలని ఇంటి కప్పు బాగా వాలుగా కడతారు. కారు పెట్టే కొట్టానికీ అలాంటి కప్పే. ఆ వాలు కప్పు కింద అటక కట్టి సామాను దాచుకుంటారు.

మనకు మంచు లేదు. ఎండ ఉంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద వేడి ఇంకా ఎక్కువ. అందుకని మన అటకను మన ఎండకు, మన వానకు తగినట్టు వాడుకోవాలి.

ఒక ఇంటి కథ

ఒక ఇంటిని ఊహించుకుందాం. పాకాల పక్క ఒక పల్లె. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల. ఒక గది, వంటిల్లు, పక్కన రేకుల కొట్టం.

ఒక రోజు పిల్ల పుస్తకం మూసేసింది. "అమ్మా, కాళ్లు చాపుకోను కూడా జాగా లేదు. ఈడ ఎట్ల చదివేది?" అని ఏడ్చింది.

కోడలు ఆ రాత్రంతా ఆలోచించింది. తెల్లవారి అత్తను అడిగింది.

"అత్తా, కొట్టంలో అటక మీద ఏముండాది?"

"ఏముంటాదిమ్మా? మీ మామ కాలం నాటి సామాను."

"దించి ఎన్నాళ్లయింది?"

"నీ పెండ్లికి పందిరి తాళ్ల కోసం ఎక్కినారు. అంతే."

పెండ్లయి పదిహేనేళ్లు. అంటే పదిహేనేళ్లుగా ఆ అటక మీద ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

ముందు దించాలి

కొత్తవి ఎక్కించే ముందు పాతవి దించాలి. కోడలు, కొడుకు కలిసి ఒక ఆదివారం ఆ పని చేశారు. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకున్నారు. ఎలుక పెంటికల దుమ్ము పీలిస్తే జబ్బు చేస్తుంది. అందుకే పొడిగా ఊడ్వలేదు. నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచారు.

దించినవాటిని నాలుగు కుప్పలు చేశారు.

ఒకటి: ఇప్పుడు పనికొచ్చేవి.
రెండు: బాగు చేయిస్తే పనికొచ్చేవి.
మూడు: అమ్మేయాల్సినవి, ఎవరికైనా ఇచ్చేయాల్సినవి.
నాలుగు: పారేయాల్సినవి.

నాలుగో కుప్పే పెద్దదయింది. చిల్లుపడ్డ బకెట్లు, తెగిన చెప్పులు, ఎలుకలు కొట్టిన గోనె సంచులు. పాత టైర్లు పాత సామాన్లవాడికి వేశారు. టైర్లను బయట పడేస్తే వాన నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఈ దోమ పగటిపూట కుడుతుంది.

ఒక మూల సగం మిగిలిన పురుగుమందు సీసా దొరికింది. దాని పక్కనే ఒక పాత ఉయ్యాల. కోడలి గుండె ఝల్లుమంది.

ఇంకో మూల ఒక గుడ్డ మూట. విప్పితే భూమి కాగితాలు. అంచులన్నీ చెదలు తినేశాయి.

అత్త ఆ కాగితాలు పట్టుకుని కూలబడిపోయింది. "భద్రంగా ఉంటాయని మీ మామ పైన పెట్టినాడు" అంది.

భద్రం అనుకున్న చోటే చేటు జరిగింది. ఇలాంటిది మీ ఇంట్లో జరిగి ఉంటే దిగులుపడి ఊరుకోకండి. రిజిస్టరు చేసిన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. దానికి రుసుము కట్టాలి. పట్టాదారు పాసుపుస్తకం పాడైతే తహసీల్దారు ఆఫీసులో అడగాలి.

నాగలి మేడి ఒకటి మిగిలింది. దాన్ని ఏ కుప్పలో వేయాలి?

"ఆ మేడి పట్టుకునే ఆయన ముగ్గురు బిడ్డల్ని సాకినాడు" అంది అత్త. కోడలు దాన్ని పారేయలేదు. తుడిచి, కొట్టం గోడకు మేకు కొట్టి తగిలించింది. పనికిరాని వస్తువంతా పారేయాలని కాదు. ఏది ఎందుకు ఉంచుకుంటున్నామో మనకు తెలియాలి. అంతే.

పైకి ఎక్కించే ముందు మూడు ప్రశ్నలు

ప్రతి వస్తువును చేతిలోకి తీసుకోండి. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: ఇది బరువా?
బరువైనది కిందే ఉండాలి. ఒక మనిషి నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో అందుకోలేని వస్తువు అటకకు తగదు. బియ్యం బస్తా, ఇత్తడి అండా, రోలు పైకి వద్దు.

రెండో ప్రశ్న: వేడికి చెడుతుందా?
నూనె, ఊరగాయ, మందు బిళ్లలు వేడికి పాడవుతాయి. విత్తనాలు కూడా అంతే. రేకు కింద వేడిలో ఉంటే మొలక తగ్గిపోతుంది.

మూడో ప్రశ్న: ఏడాదికి ఎన్నిసార్లు కావాలి?
రోజూ కావాల్సింది చేతికందేలా ఉండాలి. వారానికోసారి కావాల్సిందీ అంతే. ఏడాదికి ఒకసారో, రెండుసార్లో కావాల్సినవే అటకకు తగినవి.

మరి ఏవి పైకి ఎక్కించవచ్చు? పందిరి తాళ్లు, పండుగ సామాను, అదనపు చాపలు, ఖాళీ బుట్టలు, చేటలు, చుట్టాలొచ్చినప్పుడు వాడే తేలిక గిన్నెలు. దుప్పట్లను రేకు పెట్టెలో పెట్టి ఎక్కించండి. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో బొమ్మలను గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టవచ్చు.

ఇవి ఎప్పుడూ అటక మీద పెట్టకండి

గ్యాసు సిలిండరు పెట్టకండి. అది నేల మీద, గాలి ఆడే చోట, నిలువుగా ఉండాలి. వంట గ్యాసు గాలికన్నా బరువు. కారితే కిందికి దిగి పరుచుకుంటుంది.

పెట్రోలు, టపాకాయలు పెట్టకండి. కొట్టంలో బండి ఉంటే దాని పైన ఎండు గడ్డి కూడా వద్దు. కరెంటు బండికి ఛార్జింగు పెట్టే చోటైతే మరీ జాగ్రత్త. ఒక్క నిప్పురవ్వ చాలు.

పురుగుమందు పెట్టకండి. దాన్ని తిండి వస్తువులకు దూరంగా, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. ఖాళీ సీసాను కడిగి ఇంట్లో వాడుకోకూడదు.

భూమి కాగితాలు, బ్యాంకు పుస్తకం, పిల్లల చదువు కాగితాలు పెట్టకండి. వీటిని ప్లాస్టిక్ కవర్లో వేసి, రేకు పెట్టెలో ఉంచండి. పెట్టె ఇంట్లోనే, చేతికందే చోట ఉండాలి. నేలకు, గోడకు తగలకుండా పీట మీద పెట్టండి. నెలకోసారి తెరిచి చూడండి.

చెనిక్కాయల మూటలూ పైన వద్దు. కాయను బాగా ఆరబెట్టాలి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే మూట కట్టాలి. మూట కింద పలకలు వేయాలి. గోడకు జానెడు దూరం ఉంచాలి. తేమ తగిలితే బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని చెడగొడుతుంది. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజను మనం తినకూడదు. గొడ్డుకూ పెట్టకూడదు.

కొత్తగా అటక కట్టాలంటే

ముందు కొలుచుకోండి. అటక కింద మనిషి నిలబడితే తల తగలకూడదు. నేల నుంచి అటకకు 7 అడుగుల ఎత్తు ఉంటే మంచిది. అటకకు, రేకుకు మధ్య రెండు, మూడు అడుగులు ఉండాలి. సామాను రేకుకు తగలకూడదు. మధ్యలో గాలి ఆడాలి.

టేపు లేదా? పరవాలేదు. మోచేతి నుంచి వేలి కొన దాకా ఒక మూర. మూర అంటే సుమారు అడుగున్నర. రెండు మూరలు మూడు అడుగులు.

అటక బరువు గోడల మీదో, రాతి స్తంభాల మీదో, దూలాల మీదో పడాలి. రేకుల నుంచి ఏదీ వేలాడదీయకండి. రేకుల మీద కాలు పెట్టకండి. సిమెంటు రేకు మనిషి బరువుకు విరిగిపోతుంది. పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. వాటిని కోస్తే, తొలిస్తే దుమ్ము వస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చేటు.

వెదురుతో కట్టేవాళ్లు దాన్ని కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. అప్పుడు పుచ్చు పట్టడం తగ్గుతుంది. పాత దూలం ఉంటే ఇనుప చువ్వతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ దూలం చెడిపోయింది. దాన్ని నమ్మకండి. వడ్రంగికో, మేస్త్రీకో ఒకసారి చూపించండి. ఆ కూలి దండగ కాదు.

బరువు ఎక్కడ పెట్టాలి?

ఒక చీపురు పుల్ల తీసుకోండి. రెండు చివరలా రెండు ఇటుకల మీద పెట్టండి. నడిమధ్య వేలితో నొక్కండి. పుల్ల వంగుతుంది. ఇప్పుడు చివర దగ్గర, ఇటుక పక్కనే నొక్కండి. అంతగా వంగదు.

అటక కూడా ఇంతే. ఉన్నవాటిలో బరువైనవి గోడ పక్కన పెట్టాలి. తేలికైనవి మధ్యలో పెట్టాలి. అన్నీ ఒకే చోట కుప్ప పోయకూడదు. నడవడానికి, చెయ్యి చాపడానికి దారి వదలాలి. అంచున అడ్డంగా ఒక కట్టె కట్టండి. పెట్టె జారి కింద ఉన్నవాళ్ల మీద పడదు.

నిచ్చెన దగ్గర జాగ్రత్త

అటక పనిలో దెబ్బలు తగిలేది ఎక్కువగా నిచ్చెన దగ్గరే. ఒక లెక్క గుర్తుంచుకోండి. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం. అటక 8 అడుగుల ఎత్తులో ఉంటే, నిచ్చెన కాళ్లు గోడకు 2 అడుగుల దూరంలో ఉండాలి. 12 అడుగులైతే ఎంత? మీరే చెప్పండి. అవును, 3 అడుగులు.

నిచ్చెన అటక అంచు కంటే పైకి ఉండాలి. దిగేటప్పుడు పట్టుకోను ఆధారం దొరుకుతుంది. కింద ఒకరు పట్టుకోవాలి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి. రెండు చేతుల్లో సామానుతో ఎక్కకూడదు. ఒకరు ఎక్కాలి, ఇంకొకరు అందించాలి. కడుపుతో ఉన్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఎక్కకూడదు. "ఆడవాళ్ల పనే కదా" అని ఒక్కదాని మీద వదిలేయకండి. సామాను ఇంటిల్లిపాదిదీ. పనీ అందరిదీ.

ఎలుక, చెద, పాము

ఎలుక వస్తే దాని వెనకే పాము వస్తుంది. కాబట్టి ముందు ఎలుకకు దారి మూయాలి. చిట్టెలుకకు చిటికెన వేలు దూరేంత సందు చాలు. సందుల్లో సిమెంటు పెట్టించండి. అటక మీద గింజ కూడా రాలి ఉండకూడదు. అట్టపెట్టె కన్నా రేకు పెట్టె మేలు. అట్టను ఎలుక కొరుకుతుంది, చెదలూ తింటాయి.

గోడ మీద మట్టి గీతలు కనిపిస్తే అవి చెదల దారులు. గీకి తీసేయండి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. గుడ్డల మధ్య ఎండిన వేపాకు వేసే అలవాటు మంచిదే. అయితే దాన్నే నమ్ముకోకండి. ఆరు నెలలకోసారి దించి, దులిపి, ఎండలో వేయండి.

చీకట్లోకి చెయ్యి పెట్టకండి. ముందు టార్చి వేసి చూడండి. కట్టెతో తట్టండి. పాము కరిస్తే కోయడాలు, గట్టిగా తాడు కట్టడాలు వద్దు. కరిచిన కాలో, చెయ్యో కదలనీయకుండా ఉంచండి. 108కి ఫోను చేసి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి.

మన చదువు ఇక్కడ పనికొస్తుంది

పెట్టెల మీద ఏమీ రాయకపోతే అటక మళ్లీ పాత అటకే అవుతుంది.

ప్రతి పెట్టెకు ఒక నంబరు వేయండి. పెద్ద అక్షరాలతో లోపల ఏముందో రాసి అంటించండి. అదే ఒక కాగితం మీద రాసి కొట్టం తలుపు వెనక అతికించండి. ఇలా రాయవచ్చు:

1. దుప్పట్లు - గోడ పక్కన
2. పండుగ సామాను - గోడ పక్కన
3. పందిరి తాళ్లు - మధ్యలో
4. చాపలు, చేటలు - అంచు దగ్గర

ఏదైనా దించితే ఆ పేరు పక్కన గీత పెట్టండి. తిరిగి పెడితే గీత కొట్టేయండి. ఎవరికైనా ఎరువిస్తే వాళ్ల పేరు, తారీకు రాయండి. తర్వాత మాట పట్టింపులు రావు.

వాన వచ్చిన రాత్రి

మన పక్క కార్తీకంలో వానలు ముంచుకొస్తాయి. 2021 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందా? తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరులా పారాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. అలాంటప్పుడు సామాను సర్దుకునే వ్యవధి ఉండదు.

అందుకే అటక మీద ఒక మూల ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ముసురు పట్టిందని తెలియగానే పిల్లల పుస్తకాలు, మంచి బట్టలు, నాలుగు రోజుల తిండి గింజలు ఆ మూలకు ఎక్కించవచ్చు. అంతా నింపేస్తే ఆ రోజు జాగా దొరకదు.

కాగితాల పెట్టె మాత్రం అటక మీదికి కాదు, మీ చంకలోకి. ఇల్లు వదిలి పొమ్మంటే దాన్ని పట్టుకుని బయలుదేరండి. సామాను కోసం ఆగకండి. సామాను మళ్లీ కొనుక్కోవచ్చు.

కథ చివర

ఆ ఇంట్లో ఇప్పుడు గది మూల ఖాళీ అయింది. మూటలు పోయిన చోట పిల్ల చాప వేసుకుంది. పక్కన ఒక దీపం. కాళ్లు చాపుకుని చదువుకుంటోంది.

మొన్న పక్కింటామె వచ్చింది. "పిన్నమ్మా, మీ పందిరి తాళ్లు కావాల" అంది. కోడలు ఇంట్లో లేదు. అత్త కొట్టంలోకి పోయింది. ఆమె కూడా రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. తలుపు వెనక కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"మూడో నంబరు. మధ్యలో ఉండాది. నిచ్చెన పట్టుకోమ్మా, మనవరాలు ఎక్కుతాది" అంది.

చర్చించండి

1. మీ అటక మీద ఏమేమి ఉన్నాయి? చూడకుండా ఎన్ని చెప్పగలరు?
2. మీ ఇంట్లో పురుగుమందు ఎక్కడ ఉంది? పిల్లలకు అందుతుందా?
3. మీ భూమి కాగితాలు చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?
4. అటక 16 అడుగుల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు గోడకు ఎంత దూరంలో ఉండాలి?

చేసి చూడండి

ఈ వారం ఒక్క పెట్టె దించండి. దులిపి, సర్ది, దాని మీద నంబరు వేయండి. లోపల ఏముందో మీ చేత్తో రాసి అంటించండి.